నాన్న ఒప్పుకున్న ఒకే ఒక్క యుద్ధం

మొన్న ఆదివారం కద్మాలో మా అమ్మాయి ఇంట్లో టిఫిన్లయ్యాక మనవరాలు టీవీలో ఒక పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా పెట్టింది. తెల్లదొరల పటాలం, ఎడారి, మట్టికోట, గుట్టల మీంచి అరుచుకుంటూ దిగే జనం. పిల్ల కాలేజీలో చరిత్ర చదువుతోంది కనక ఏదీ కుదురుగా చూడదు. "అమ్మమ్మా, యే సబ్ గలత్ హై. ఉస్ జమానే మే యే బందూక్ థీ హీ నహీ" అంటూ, అంతా తప్పు, ఆ రోజుల్లో ఈ తుపాకీయే లేదని మాటిమాటికీ బొమ్మ ఆపేస్తుంది. నాకు విసుగు రావలసింది పోయి నవ్వొచ్చింది. మా నాన్న బతికుంటే నీకు మంచి తోడు దొరికేవాడే తల్లీ అన్నాను.

మేమప్పుడు ఇదే ఊళ్లో, బాగ్‌బేరాలో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. యార్డులో ఆగిన బోగీల చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం నాన్న పని. సినిమాలూ అలాగే చూసేవాడు మహానుభావుడు. బిష్టుపూర్‌లో ఒక హాలువాళ్లు ఆదివారం పొద్దుటి ఆటకి ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. యుద్ధం బొమ్మ అయితే చాలు, నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. రైల్వే లైబ్రరీలో ఉన్న యుద్ధాల పుస్తకాలన్నీ నమిలేశాడేమో, తెర మీద ఎవడేం తొడుక్కున్నా ఒప్పుకునేవాడు కాడు. "నెల్లాళ్లు ఎడార్లో ఉన్నోడి సొక్కాకి ఇస్త్రీ మడతేటే?" అని నా చెవిలో గొణిగేవాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తే నేను సిగ్గుతో చచ్చేదాన్ని. సమోసా కొనిపెట్టేవాడు కాబట్టి భరించాను గానీ, లేకపోతే ఎవరు వెళ్తారండీ ఆయనతో!

నాన్నమ్మకి మాత్రం సినిమా అంటే దేవుడి బొమ్మే. అలాంటి మనిషి ఒక ఆదివారం జరీ అంచు చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముందురోజు నాన్న మాటల్లో సముద్రం అవతలి ఎడారి, దొరల యుద్ధం అన్న ముక్కలు ఆవిడ చెవిన పడ్డాయి. ఆవిడ తండ్రి, ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడే, మొదటి పెద్ద యుద్ధంలో దొరల పటాలానికి మూటలు మోసే కూలీగా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి, సముద్రం అవతల ఎడారి దేశంలోని బస్రా పోయాడు. మళ్లీ రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆవిడ తల్లి చచ్చేదాకా గాజులూ బొట్టూ తియ్యలేదు, ఆయన ఎలా నడిచేవాడో కూతురికి నడిచి చూపిస్తూనే ఉండేది. పేరంటానికి సగం మంది పిలిచేవారు, సగం మంది పిలిచేవారు కాదు. పెద్దల అమావాస్యకి నాన్నమ్మ పోయినవాళ్లందరి పేర్లూ చెప్పి వండిపెట్టేది, తండ్రి పేరు మాత్రం పలికేది కాదు. బతికున్నోడికి పెట్టకూడదు కదా అనేది. ఎనభై దాటిన మనిషి ఇన్నేళ్లు కబురు లేకుండా ఎక్కడ బతికుంటాడని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఆ రోజు రిక్షాలో వెళ్లాం. బొమ్మకి ముందు సర్కారు వార్తల్లో మన సైన్యాన్ని చూపించారు. అది నిజమేనేట్రా అని నాన్నమ్మ అడిగితే, నిజమేనన్నాడు నాన్న. తర్వాత ఆట మొదలైంది. వెంటనే నాన్న గొణుగుడూ మొదలైంది. కోట్ల రంగు తప్పు, తుపాకులు తప్పు, అసలా నది ఆ దేశంలోనే లేదు. నాన్నమ్మ అవేవీ వినలేదు. చాలాసేపటికి, దొరల గుర్రాల వెనక, తెర ఓ మూల, కూలీలు మూటలతో నది దాటుతున్నారు. ఒకడు ఎడంచేత్తో నెత్తి మీద మూట పట్టుకుని, కుడిచెయ్యి బారుగా ఊపుకుంటూ నడిచాడు. గుండు తగిలి నీళ్లలో పడ్డాడు. బొమ్మ దొర ముఖం మీదకి వెళ్లిపోయింది. నాన్నమ్మ లేచి నిలబడి "అయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. వెనకనించి "బైఠో మాజీ" అని అరిచారు. ఆవిడ కూర్చోలేదు.

ఇంటికొచ్చాక గుమ్మం దాటలేదు. "కోడలా, నీళ్లొట్టుకురా. సావు కబురు ఇనొచ్చినాను, లోపలికి రాకూడదు" అంది. మా అమ్మ చెంబు పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది. నాన్నమ్మ నాన్న వైపు తిరిగింది.

"ఒరే, ఆ నడక మా అయ్యదేరా. ఇంకోడు అలగ నడవడు. అయినా నువ్వు సెప్పు. ఆళ్లు సూపించింది నిజం యుద్దమేనా, కాదా? కాదంటే నీళ్లొద్దు, మా అయ్య ఇంకా వత్తాడనే ఉంటాను."

ఆ యుద్ధం ఆవిడ తండ్రి పుట్టకముందుదని, వేరే దేశంలోదని, హాల్లో నా చెవిలో గొణుగుతూనే ఉన్నాడాయన. చొక్కా గుండీ తప్పుంటేనే ఊరుకోడు, దీన్నెలా ఊరుకుంటాడు? నాన్న తల వంచుకున్నాడు. చెప్పుల వైపు చూసుకున్నాడు. తర్వాత అమ్మ చేతిలో చెంబు తనే అందుకున్నాడు.

"నిజమేనే అమ్మా," అన్నాడు. "అన్నీ జరిగింది జరిగినట్టే తీసినారు. ఒక్క తప్పు లేదు."

నీళ్లు తనే పోశాడు. నాన్నమ్మ మెట్టు మీద కూలబడి, తడిచీరతో, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అంత ఏడుపు ఆవిడ దగ్గర ఉందని మాకెవరికీ తెలియదు. నాన్నంటే నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

పదో రోజున దోముహాని వెళ్లాం, సువర్ణరేఖలో ఖర్కాయి కలిసే చోటికి. నాన్న నడుము లోతు నీళ్లలో దిగి తాత పేరు చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలాడు. పోయినాయన వయసెంతని పంతులుగారు అడిగితే నాన్నమ్మ ఒడ్డునుంచి, "కుర్రోడే బాబూ, మా వోడికన్నా సిన్నోడు" అంది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది నిజం. నీళ్లు వదిలిన మనవడు ఆయనకంటే పెద్దవాడు, ఒడ్డున ఏడ్చిన కూతురు ఇంకా పెద్దది, ఇవాళ నేను వాళ్లిద్దరినీ దాటేశాను. ఆ ఓడెక్కిన కుర్రవాడు మాత్రం అక్కడే ఉన్నాడు, కాలం మమ్మల్ని పెద్దవాళ్లని చేసే పనిలో పడి ఆయన్ని మరిచిపోయింది.