మట్టెలు కోసిన దినం

ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలు ఉంది. పెండ్లిళ్లు లేని ఆదివారాలు పట్నం నుంచి డాక్టర్లు వచ్చి అక్కడ కాళ్లు చూస్తరు. కాళ్లే చూస్తరు, ఇంకేం చూడరు. గేటుకు కట్టిన బ్యానర్ మీద 'సిరలు, శోషరస వ్యాధుల వైద్యుల సంఘం' అని రాసి ఉంటది. నేను అక్షరాలు నేర్చుకున్నదే యాభై దాటినంక. ఆ బ్యానర్ చదవనీకి గేటు కాడ చాలాసేపు నిలబడ్డ. చదివినంక కూడ అర్థం కాలేదు. లోపల డాక్టరమ్మ చెప్పింది. ఒంట్ల నెత్తురు తిరిగే తొవ్వలు ఉన్నట్టే నీరు తిరిగే తొవ్వలు కూడ ఉంటయట. దోమకాటుతోని వచ్చే పురుగు ఆ తొవ్వల్ని ఖరాబు చేస్తే నీరు కాలిలనే నిలిచిపోతదట. అదే బోదకాలు. ఆ సంఘం పేరు మా ఊర్లె ఎవ్వరికీ నోరు తిరగదు. కాళ్ల డాక్టర్లు అంటం.

నాది ఎడమ కాలు. శానా ఏండ్ల వాపు. ఆ సంఘమోళ్లు నాలాంటి ఆడోళ్లను కొందరిని కూసోబెట్టి, వాచిన కాలును ఎట్ల కడగాలె, వేళ్ల సందులు ఎట్ల తుడవాలె, పట్టీ ఎట్ల చుట్టాలె అన్నీ నేర్పిండ్రు. మా ఊర్లల్ల కాళ్లు వాచినోళ్ల ఇండ్లకు పోయి మేము నేర్పాలె. ఒక్క మాట మాత్రం గట్టిగ చెప్పిండ్రు. చలిజ్వరమొచ్చి కాలు ఎర్రబడితే పట్టీ ముట్టొద్దు, ఒక్క పూట కూడ ఆగొద్దు, దవాఖానకు తీస్కపోవాలె.

మా వాడకట్టు చివర ఒక లారీ డ్రైవర్ ఇల్లు. ఆయన నెలల సగం రోజులు రోడ్డు మీదనే ఉంటడు. ఇంట్ల తల్లి, పెండ్లాం. పెండ్లానిది చిన్న వయసు, కూరగాయల తోటలకు కూలికి పోయేది. ఆ పిల్లకు ఎడమ పాదం వాపు మొదలైంది. నేనే చెప్పి అత్తాకోడండ్లను హాలుకు తోలుకపోయిన. డాక్టరమ్మ పాదం చూసి, "ఈ కాలి మట్టెలు తీసెయ్యండమ్మా, వాపు పెరిగితే వేలిని నొక్కేస్తయి," అన్నది. అంతే. అత్త కోడలు రెక్క పట్టుకొని లేపింది.

"కాలుకు మందియ్యమంటే నా కొడుకును పొమ్మంటదా ఈమె," అనుకుంట బయటికి నడిచింది.

మట్టెలు తీసేది మొగడు పోయినప్పుడే కదా మా దిక్కు. ఆమె కోపం నాకు కొత్తగ అనిపించలే.

వానకాలంల ఒక పొద్దున పిల్లను చూసి వద్దామని పోయిన. తలుపు దగ్గరికేసి ఉంది. లోపల పిల్ల రెండు దుప్పట్లు కప్పుకొని పండ్లు కటకటలాడిస్తుంది. దుప్పటి లేపి చూసిన. కాలు పిక్క దాక ఎర్రగ, పొయ్యి మీది నుంచి దించిన గిన్నె తీరు కాలుతుంది. బొటనవేలు పక్క వేలు నల్లబడ్డది. మట్టె కండల మునిగి, సన్న తెల్ల గీత తీరు అంచు ఒక్కటి కనబడుతుంది.

సబ్బు రాసి చూసిన. నూనె పోసిన. దారం చుట్టి తిప్పితే రావొచ్చని మొదలుపెట్టిన గాని, ఇంత కూడ కదలలే. పిల్ల ఒర్రిన ఒర్రుడుకు పక్కింటోళ్లు తొంగిచూసిండ్రు.

డాక్టరమ్మకు ఫోన్ చేసిన. ఆమె నన్ను అడిగింది రెండే మాటలు, జ్వరం ఎట్లుంది, వేలు ఏ రంగుల ఉందని. విని, "మట్టె ఇప్పుడే కోయించండి. దగ్గర్ల కోసేటాయన ఉంటే అక్కడే కోయించి నేరుగా దవాఖానకు తీసుకుపోండి. సాయంత్రం దాకా ఆగితే వేలు పోతుంది. ఆ విషం నెత్తురులకు ఎక్కితే మనిషికే ప్రమాదం," అన్నది.

వెండి పని చేసే అవుసలాయన మా ఊర్లెనే ఉంటడు. కబురు పెడితే పనిముట్ల సంచి పట్టుకొని వచ్చిండు. పిల్ల ఒర్రుడు విని పెరట్ల నుంచి ఉరికొచ్చిన అత్త గడపల అడ్డం నిలబడ్డది.

"నా కొడుకు తొవ్వల ఉన్నడు. వానల లారీ తోలుతున్నడు. గిప్పుడు కోస్తరా?"

"అక్కా, వేలు నల్లబడ్డది. కనబడ్తలేదా?"

"నీకేమే, చెప్తవ్. నీ ఇంట్ల మనిషైతే తెలుస్తుండె."

నేను అక్కడనే కూసోని చెప్పు విడిచిన. చీర కుచ్చిళ్లు జరిపి నా ఎడమ పాదం చూపిచ్చిన. నాకు మట్టె వేలు లేదు. నాకు గిదే జ్వరం వచ్చినప్పుడు కోయాలని చెప్పేటోళ్లు ఎవ్వరు లేకుండిరి. వేలు మురిగినంక పెద్ద దవాఖానల మట్టెతోనే వేలు తీసిండ్రు.

ఆమె చూసింది. కండ్లు తిప్పుకోలే. "నీ మొగడు?" అన్నది.

"బతికే ఉన్నడు. ఈ పాటికి బస్టాండు కాడ చాయ్ తాగుకుంట ఎవరితోనో కొట్లాడుతుండొచ్చు."

బయట అరుగు మీద అవుసలాయన నవ్విండు గాని సంచి విప్పలే. "వదినే, నేనైతే ఇంటోళ్లు చెప్పంది కొయ్య. మొగడున్న మనిషి మట్టె కోసిండని రేపు ఏమన్నైతే నా మీదికొస్తరు. ఎవరన్న ఒకరు నోరు తెరిచి కొయ్యమనుండ్రి."

పిల్లనే అడిగిన. "నీ కాలు బిడ్డా. నువ్వేమంటవ్?"

దుప్పట్ల నుంచి ముఖం బయటపెట్టింది. పెదవులు ఎండి ఉన్నయి. "భయమైతుంది పెద్దమ్మా. ఆయనకు తొవ్వల ఏమన్నైతే బతికినన్ని దినాలు నన్నే అంటరు." అంటరు. నిజమే.

"వాన్నే అడుగుదాం," అన్నది అత్త. "వాడు ఊ అంటే కొయ్యుండ్రి."

ఫోన్ కలవలే. మళ్ల చేసినం, మళ్ల అదే ఆడగొంతు, మీరు సంప్రదించాలనుకుంటున్న వ్యక్తి అందుబాటులో లేరు అని. ఆ గొంతు వినబడ్డప్పుడల్ల అత్త ముఖంల కొంచెం నెమ్మది కనబడేది. ఫోన్ కలవనంత సేపు ఆమె ఏం చెప్పాల్సిన పని లేదు. నేను తడిబట్ట మార్చుకుంట వేలునే చూస్తున్న. నలుపు గోరు దాటి కిందికి దిగుతున్నట్టే అనిపిస్తుంది. దిగుతుందో, నా భయమో. పిల్ల వణుకుడు ఆగి, ఏదేదో మాట్లాడుడు మొదలైంది. తోటల నీళ్లు కట్టాలె, మోటర్ బంద్ చెయ్యాలె అంటుంది.

అప్పుడు ఫోన్ మోగింది. కొడుకే. స్పీకర్ల పెట్టిన. వెనుక బండ్ల హారన్లు.

సంగతి మొత్తం చెప్పిన. జ్వరం, వేలు, డాక్టరమ్మ మాట.

"అమ్మ ఏమంటుంది చిన్నమ్మా?"

"అమ్మ నిన్ను అడగమంటుంది."

"నాకేం తెల్సు గివన్ని? అమ్మ ఎట్లంటే అట్ల. అమ్మనడుగు." హారన్లు ఇంక గట్టిగ మోగినయి. "వెనుక బండ్లు ఆగినయి, మళ్ల చేస్త," అని పెట్టేసిండు.

అవుసలాయన బీడీ ఆర్పిండు. "మంచిగున్నది. అమ్మ కొడుకంటది, కొడుకు అమ్మంటడు. నన్ను నడుమ కూసోబెట్టిండ్రు."

అత్త కోప్పడుతదనుకున్న. కోప్పడలే. గోడకు ఆనుకొని కిందికి జారి కూసున్నది. తన కాళ్లు ముందుకు చాపి తన వేళ్లనే చూసుకుంది. ఖాళీ వేళ్లు. మట్టెలుండే కాడ చర్మం ఇప్పటికీ తెల్లగ ఉంది.

"నాయి తీసిన్నాడు పీనుగ ఇంక ఇంట్లనే ఉండె," అన్నది. నాతోని అంటుందో, తనల తాను అంటుందో. "నా ఆడిబిడ్డలు కాళ్లు పట్టుకున్నరు. వస్తలేవని పటకారుతోని గుంజిండ్రు. ఒక్కలన్న, తియ్యాల్నా వద్దా అని నన్నడగలే." ముక్కు తుడుచుకుంది. "ఇయ్యాల నన్నడుగుతున్నరు."

లేచింది. పోయి కోడలు పాదం ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

"ఓ అయ్యా, లోపలికి రా. ఎడమ కాలుదే కొయ్. కుడి కాలు మంచిగుంది, దాన్ని ముట్టకు."

అవుసలాయన మట్టెకు, తోలుకు నడుమ సన్న రేకు ముక్క జొప్పిండు. అది జొరబడేటప్పుడు పిల్ల ఎగిరిపడ్డది. నేను భుజాలు పట్టుకున్న. అత్త పాదాన్ని రెండు చేతుల బిగించి, "ఐపాయె బిడ్డా, ఐపాయె," అనుకుంట ఉంది. ఇంక మొదలే కాలేదు. వెండి వేడెక్కకుంట ఆయన రంపం మీద నీళ్ల చుక్కలు పోసుకుంట కోసిండు. సన్న గీరుడు చప్పుడు. చాలాసేపు అదే చప్పుడు. చివరికి రెండు పటకార్లతోని పట్టి మట్టెను విప్పిండు. దాని కింద వేలు చుట్టూత గుంట పడి ఉంది, గుంటల చీము.

అత్త మట్టెను నీళ్లల్ల కడిగింది. తన కొంగున కట్టి, ముడి మీద ముడి వేసింది. ఆటో పిలిపిచ్చి దవాఖానకు పోయినం.

ఆ వేలు దక్కింది. గోరు రాలి మళ్ల వచ్చింది. కాని ఆ సాయంత్రం మాకు ఆ సంగతి తెల్వదు. సూదులిచ్చి, సెలైన్ పెట్టి, కాలు ఎత్తు మీద ఉంచి, రేపు చూసి చెప్తం అన్నరు. అత్త మంచం పక్కన స్టూలు మీద కూసోని కొంగు ముడిని పిడికిట్ల పట్టుకుంది. కిటికీ బయట వాన పెద్దదైంది. నీళ్లన్న తాగమంటే తల అడ్డం ఊపింది.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. కొడుకు నంబరు కాదు. కొత్త నంబరు.

ఆమె ఫోన్ వైపు చూసింది గాని ముట్టలే. "నువ్వెత్తు చెల్లె," అన్నది. మట్టెల నమ్మకం నాకు లేదు అనుకునేదాన్ని. బటన్ నొక్కనీకి నా వేలు కూడ ఆడలే.

కొడుకే. చార్జింగ్ ఐపోతే దాబా కాడ ఎవరిదో ఫోన్ అడిగి చేస్తున్నడు. పిల్లకు ఎట్లుందని అడగలే ముందు. "చిన్నమ్మా, అమ్మ ఏమన్నది?" అన్నడు.

అత్త నా చేతుల నుంచి ఫోన్ గుంజుకుంది.

"ఏమన్నదేందిరా? నేనే కోయించిన," అన్నది. కిటికీ దిక్కు చూసి, "వాన వస్తుంది. బండి మెల్లగ తోలు," అన్నది.