రూతు పలకతో జగ్గయ్యపేట దాకా

బెజవాడ నుంచి జగ్గయ్యపేటకు రైలు లేదు. నమ్ముకుంటే బస్సునే నమ్ముకోవాలి, అదీ నందిగామలో దిగి మారాలి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా సంఘం తరఫున ఆ మెట్ట ఊళ్ళకు వెళ్ళబోయే సోదరీమణులు దారీ తెన్నూ అడుగుతూ నాకు ఉత్తరాలు రాస్తున్నారు. దారి చెబుతాను. దాంతోపాటు అక్కడ నేను వెలగబెట్టిన నిర్వాకం కూడా చెబుతాను. వినక తప్పదు.

మా సంఘం పని తల్లులకు ఓనమాలు నేర్పడం. బడి లేని చోట, ఉన్నా పంతులు రాని చోట, తల్లే బిడ్డకు తొలి గురువు కావాలని మా ఉద్దేశం. ఊరికి అయిదు రోజులు ఉంటాం. నేలమీద ఇసుక పరిచి, వేలితో అక్షరాలు రాసి చూపించి, ఇక మీ పిల్లలకు మీరే నేర్పుకోండమ్మా అని చెప్పి వచ్చేస్తాం. చందర్లపాడు దగ్గర ఒక పాలెంలో నేనలా చెప్పి వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న మే నెలలో అక్కడి కూలిమనిషి సువార్తమ్మ, నెలకోసారి ఆరాధనకు వచ్చే పాస్టరు చేత నాకు ఉత్తరం రాయించింది. కూతురు రూతుకు ఏడో ఏడు వచ్చిందట. నా దగ్గర నేర్చుకున్న అక్షరాలన్నీ పిల్లకు నేర్పిందట. జగ్గయ్యపేటలో ఆడపిల్లల బోర్డింగు బడిలో ఒక సీటు ఖాళీ ఉందట, అక్షరాలు వచ్చిన పిల్లకే ఇస్తారట, ఎవరైనా పెద్దమనిషి వెంట వచ్చి చెప్పాలట. సీటు రాకపోతే పిల్లను ఆసామి గొడ్ల వెంట పంపాలి, ఆయన ఇప్పటికే రెండుసార్లు కబురు చేశాడని చివర్లో ఉంది.

చదివి పొంగిపోయాను. పిల్ల సంగతి తరవాత, ముందు నా గొప్పకు పొంగిపోయాను. ఆ ఉత్తరం సంఘంలో నలుగురికీ చూపించి, ఈసారి వార్షికోత్సవంలో చదవాలని దాచుకున్నాను కూడా.

జూన్ మొదటివారంలో, ఉదయం ఆరు గంటల బస్సు ఎక్కాను. టిక్కెట్టు పదకొండు అణాలు. ఆడవాళ్ళకు ముందు బల్ల ఇస్తారు, అయితే ఇంజను వేడికి కాళ్ళు ఉడికిపోతాయి, కాబట్టి వెనక కూర్చోవడమే మేలు. కంచికచర్లలో పది నిమిషాలు ఆపాడు. తాటిముంజలు బాగున్నాయి. కీసర దగ్గర మునేరులో నీళ్ళు లేవు, ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వి బిందెలు నింపుకుంటున్నారు.

నా పక్కనావిడ నందిగామలో బట్టల కొట్టువారి కోడలు. ఎక్కడికి, ఎందుకని ఆరా తీసింది. చెప్పాను.

"మీకెందుకండీ ఈ శ్రమ! వాళ్ళంతా చదువుకుని పోతే మిరపకాయలు ఎవరు కోస్తారు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. మనుషులంతా ఒకటేనని, మన అహంకారమే మనకు శత్రువని, నందిగామ వచ్చేదాకా ఆవిడకు ఊపిరాడకుండా ఉపన్యాసం ఇచ్చాను. పాపం, ఆవిడ బస్సు ఆగీ ఆగకుండానే దిగిపోయింది.

ఎనిమిదీ పదికి నందిగామ. సువార్తమ్మ బస్టాండు బల్లలకు దూరంగా ఎండలో నిలబడి ఉంది. కోడికూతకే లేచి నడిచి వచ్చారట తల్లీ కూతురూ. పిల్లకు తలనిండా నూనె రాసి బిగించి రెండు జడలు వేసింది. రూతు పలకను రొమ్ముకు అదుముకుని ఉంది. నన్ను చూడగానే సిగ్గుపడి అటు తిరిగి, ముందుకు వంగి, కాళ్ళ సందుల్లోంచి అక్కడ ఆగి ఉన్న జగ్గయ్యపేట బస్సు బోర్డు వంక చూసి, "జ!" అని అరిచింది.

"భేష్!" అన్నాను. చిన్నపిల్ల, ఆడుకుంటోందనుకున్నాను.

తొమ్మిది గంటలకు పేట బస్సు. చిల్లకల్లు దాకా రోడ్డు బాగానే ఉంటుంది, ఆ తరవాత నడుములు పట్టుకోవాలి. కోదాడ అవతల నుంచి వచ్చిన ముసలాయన ఒకడు రూతును ముద్దుగా చూసి, "గింత పిల్లకు సదువెవలు నేర్పిన్రమ్మా?" అన్నాడు. సువార్తమ్మ నా వైపు చూపించి, "ఈ అమ్మగారు నాకు నేర్పారు, నేను దానికి నేర్పా" అంది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ వినబడనట్టు కూర్చున్నాను. అన్నీ వినబడ్డాయి. ఆయన పిల్లను ఏదైనా రాసి చూపించమంటే, కడిగిన పలక మాసిపోతుందని సువార్తమ్మ రాయనివ్వలేదు.

పదిన్నరకు పేటలో దిగాం. బస్టాండు ఎదుట కాఫీ హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంటుంది. రమ్మంటే సువార్తమ్మ రాలేదు. "మాకు సద్దుందండి" అని గోడనీడన మూట విప్పింది. నేనూ రెండోసారి పిలవలేదు. పదకొండుకు బోర్డింగు బడికి వెళ్ళాం.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మనిషే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రూతును దగ్గరకు పిలిచి, "నీకేం వచ్చో రాయమ్మా" అంది. పిల్ల నేలమీద గొంతుకూర్చుని, పలక కుడిచివర నుంచి మొదలుపెట్టి రాయసాగింది. నాకు ఏదో తేడాగా అనిపించింది. రాయడం అయ్యాక లేచి పలక చూపించింది. హెడ్‌మిస్ట్రెస్ నుదురు చిట్లించి చూసింది. పలకను అటూ ఇటూ వంచింది. చివరకు కింది అంచు పైకి వచ్చేలా తిప్పింది.

అ ఆ ఇ ఈ, వరసగా, ఒక్క వంకర లేకుండా ఉన్నాయి. కింద వరసలో 'రూతు'.

ఆవిడకు నవ్వు ఆగలేదు. పక్క గదిలో టీచరును పిలిచి చూపించింది. "పిల్ల అంతా తలకిందులుగానే రాసిందండీ! ఏ మహాతల్లి నేర్పిందే నీకు?"

నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. పాలెంలో నా చాప నాది. నా ముందు ఇసుక. ఇసుకకు అవతల వాళ్ళు. అయిదు రోజులూ నేను నాకు కనబడేటట్టు రాశాను, వాళ్ళు ఎదురుగా కూర్చుని వాళ్ళకు కనబడినట్టు నేర్చుకున్నారు. పక్కన కూర్చుని వేలు పట్టి రాయించి ఉంటే మొదటి 'అ' దగ్గరే బయటపడేది.

సువార్తమ్మ ఒక్కసారి నా మొహం చూసింది. తల దించుకుని, "నేనేనండి. సదువు రానిదాన్ని. నాకు తెలిసినట్టు నేర్పా" అంది.

అప్పుడు నేను నోరు తెరవాలి. తెరవలేదు. గోడమీద దేశపటం ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"మీలాంటివారు వెంట వచ్చారు, కాదనడానికి నాకూ మనసొప్పడం లేదండీ. కానీ నలభైమందికి ఒక్క టీచరు. చేతికి పడిపోయిన అలవాటు మాన్పించి నేర్పాలంటే ఏడాది పడుతుంది. సరిగ్గా రాసే పిల్ల ఇంకొకతె వచ్చి ఉంది" అంది హెడ్‌మిస్ట్రెస్. ఆ తరవాత నాతో, "అందుకే నేనంటాను, చదువురాని తల్లుల చేతిలో పెట్టకూడదు ఇలాంటివి" అని కూడా అంది. నేను తల ఊపాను. అవును, ఊపాను.

ఒంటిగంట బస్సు దాకా బస్టాండులో కూర్చున్నాం. అక్కడ సువార్తమ్మ చెప్పింది.

"బైబిల్లో అచ్చరాలు నాకు తిరగబడి కనపడేయండి. అచ్చు వేరు, చేతిరాత వేరు కామోసు అనుకున్నా. పుస్తకం తిప్పి పట్టుకుని దానికి చూపించేదాన్ని. మీరు రాసింది రాసినట్టే దించుకున్నానండి. ఒకపాలి మీ పక్కకి రాబోతే, 'అక్కడే కూర్చోవమ్మా' అన్నారు."

అన్నాను. గుర్తుంది. ఆ అయిదు రోజులూ నందిగామలో తెలిసినవారింట్లో దిగి, రోజూ పాలెం వెళ్ళి వచ్చేదాన్ని. ఆ ఇంటి పెద్దావిడ మొదటిరోజే చెప్పింది, వాళ్ళను తాకి వస్తే పెరట్లో తలస్నానం చేశాకే గడప తొక్కమని. మాఘమాసం, నూతినీళ్ళు. ఎవరినీ తాకకపోతే ఆ బాధే లేదుగదా అనుకున్నాను. నా సిద్ధాంతాల ఖరీదు ఒక చెంబు చన్నీళ్ళు.

బస్సులో రూతు, "అమ్మా, నేను తప్పు రాశానా?" అంది.

"నువ్వేం తప్పు రాయలా. పడుకో."

ఇంకో బడిలో ప్రయత్నిస్తానని, వచ్చే ఏడు మళ్ళీ వద్దామని నేనేదో అన్నాను. "వచ్చే ఏటికి దానికి ఎనిమిదొస్తాయి, తీసుకోరంటండి" అంది సువార్తమ్మ. "సోమారం నించి ఆసామి గొడ్లకాడికి పంపుతా. ఇంకేం చెయ్యను?"

రెండున్నరకు నందిగామలో దిగాం. అక్కడే వాళ్ళ దారి వేరు, నా దారి వేరు. బెజవాడ బస్సు ఎన్నింటికని నేను కనుక్కుని వచ్చేసరికి, సువార్తమ్మ ఒక మూల నేలమీద దుమ్మును అరచేత్తో చదును చేస్తోంది. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగింది. ఒక మనిషికి చోటు వదిలింది.

"అమ్మగారూ, ఒక్కసారి నా పక్కన కూచుని రాసి చూపిచ్చండి. ఇంటికెళ్ళేలోగా దించుకుంటా. గొడ్లకాడైనా రాసుకుంటది."

బస్టాండు నిండా జనం. నందిగామలో నన్ను ఎరిగినవాళ్ళు చాలామంది. నేను దిగే ఇంటివారి గుమాస్తా అప్పుడే సోడా తాగుతూ నాకు నమస్కారం పెట్టాడు.

"బస్సు వచ్చే వేళయింది, సువార్తమ్మా" అన్నాను.

"అట్టాగేనండి" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. తనే వేలితో ఒక 'అ' రాసింది, తనకు వచ్చినట్టే. లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని ఆ అక్షరం చుట్టూ తిరిగి అవతలకు వెళ్ళి నిలబడింది.

"ఇటునించి చూడవే. అమ్మగారి వైపు నించి ఇట్టా కనపడుద్ది" అంది.

సోదరీమణులకు పనికొస్తాయని బస్సు వేళలన్నీ పైన రాశాను. ఒక్కటే మిగిలింది. బెజవాడ బస్సు మూడుంబావుకు గాని రాలేదు. ముప్పావుగంట సేపు నేను నిలబడే ఉన్నాను.