చెయ్యే కదిలిందమ్మా

పట్టిసీమలో పడవ నడిపిన ఆ సరంగుగారు గుర్తొస్తే నాకు ముందు ఆయన కుడిచెయ్యే కనబడుతుంది.

పార్కిన్సన్స్ జబ్బులో మెదడు ఏటేటా ఎలా మారుతుందో చూడటానికి, మా రాజమండ్రి స్కానింగ్ సెంటర్లో కొంతమందికి ఏడాదికోసారి ఎమ్మారై తీసేవాళ్లం. వాళ్లలో ఆయనొకరు. మిషన్ దగ్గర ఉండేది నేను.

"కదలకండి బాబాయిగారూ" అని మైకులో చెప్పేదాన్ని. చెయ్యి వణికితే తల కూడా సన్నగా అదిరేది, బొమ్మ మసగ్గా వచ్చేది. మళ్లీ తీయాలంటే ఆయన నొచ్చుకునేవారు.

"నేను కదల్లేదమ్మా. చెయ్యే కదిలింది."

ఇంటికొచ్చిన మొండి చుట్టం గురించి చెబుతున్నట్టు ఉండేది ఆ మాట. ఎడమచేత్తో దాన్ని ఒళ్లోకి లాక్కుని, "ఎంత చెప్పినా వినదు. చుక్కాని పట్టుకున్నన్నాళ్లూ బుద్ధిగానే ఉండేది" అనేవారు.

ఆఖరిసారి ఆయన్ని భార్య చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఒళ్లంతా బిగుసుకుపోయింది. వణుకు లేదు. నేను అలవాటుకొద్దీ "కదలకండి" అన్నాను. ఆయన కదల్లేదు. మళ్లీ తీయాల్సిన పనే పడలేదు. పాత బొమ్మల పక్కన పెడితే, మెదడు ఎక్కడెక్కడ కుంచించుకుపోయిందో గీత గీసినట్టు తెలుస్తోంది. ఇంత మంచి బొమ్మ ఎప్పుడూ రాలేదన్నారు డాక్టరుగారు.

మిషన్లోంచి బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన పెదాలు ఆడాయి. వంగి విన్నాను.

"ఈసారి కదిలిందామ్మా?"

"లేదండి. చాలా బాగా వచ్చింది."

ఆయన ఒళ్లో ఉన్న చేతికేసి చూశారు.

"ఇన్నాళ్లకి మాట వింది" అన్నారు.