మనూర్ కందులు, నారాయణఖేడ్ కాంటా

మా ఇంట్లో నెలకు నాలుగు కిలోల కందిపప్పు పడుతుంది. గత రెండు ఎండాకాలాలూ మా వీధిలో కట్టే అపార్ట్‌మెంటుకు కూలిపనికి వచ్చిన మార్తమ్మ, ఒకరోజు నేను పప్పు చెరుగుతుంటే ఆగి, "గిది ఎంతకు తెచ్చినవక్కా?" అని అడిగింది. డెబ్బై రెండు అన్నాను. "మేం కందులు ముప్పైకి అమ్ముకొని ఈడికొచ్చి ఇటుకలు మోస్తున్నం" అని ఇటుకల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఈ జనవరిలో ఆమే ఫోన్ చేసింది. మూడు సంచుల కందులు వచ్చాయట. కూతురికి పదో తరగతి పరీక్షలు. మంచి ధర వస్తే మార్చి దాకా పిల్లతో ఊళ్ళోనే ఉండగలదు. రాకపోతే పిల్లను ఎవరింట్లోనో వదిలి, భర్తతో పాటు పట్నం కూలికి రావాలి. మా అపార్ట్‌మెంటులో ఐదిళ్ళవాళ్ళం మాట్లాడుకుని, కిలో నలభై చొప్పున మూడు సంచులూ కొంటామని చెప్పాం. వెళ్ళే పని నాకు పడింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం ఆరింటికి పటాన్‌చెరులో నారాయణఖేడ్ బస్సెక్కాను. సంగారెడ్డి, జోగిపేట మీదుగా మూడు గంటల ప్రయాణం, టికెట్టు అరవై ఎనిమిది. మెదక్ జిల్లాలో ఈ వైపు వచ్చేవాళ్ళు పొద్దున్నే బయలుదేరడం మంచిది, ఎండ ముదరదు. నారాయణఖేడ్ నుంచి మనూర్‌కు షేర్ ఆటోలున్నాయి, మనిషికి ఇరవై రూపాయలు. నిండితేగానీ కదలవు కాబట్టి ఒక అరగంట చేతిలో ఉంచుకోండి. నేను వచ్చిన పని విని డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

"కందులకొచ్చినవా? పట్నంల దుకాణాలన్నీ బంద్ వెట్టిండ్రా ఏంది?"

"తెరిచే ఉన్నాయి బాబూ. అక్కడి ధర చూసే ఇక్కడికొచ్చాను."

"గట్లయితే మా అమ్మకాడ జొన్నలు గూడ ఉన్నయ్, కొనుండ్రి" అన్నాడు. ఆటో అంతా నవ్వింది.

దారి పొడుగునా కంది చేలు కోసేసి ఉన్నాయి, కట్టె మోపులు గట్ల మీద ఆరుతున్నాయి. మార్తమ్మ ఇల్లు మనూర్ దాటాక చిన్న పల్లెలో. పిల్ల బడికి వెళ్ళింది, భర్త చెరకు నరకడానికి వెళ్ళాడు. మార్తమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్న రొట్టెలు చేస్తోంది. "కూసో అక్కా. రొట్టె సల్లగైతే గట్టిగైతది, ఎంబడే తినాలె" అంటూ పుంటికూర పప్పు వడ్డించింది. మనం గోంగూర అనేదే అక్కడ పుంటికూర. రెండు రొట్టెలు తిన్నాను, మూడోది మాట వినకుండా వేసింది.

ఆమె ఇంట్లో కాంటా లేదు. నారాయణఖేడ్‌లో పప్పు మిల్లు దగ్గర తూకం వేసి, అక్కడే పట్టించడానికి ఇచ్చేద్దామనుకున్నాం. సంచులతో పాటు మమ్మల్నీ తీసుకువెళ్ళడానికి ఆటోకు రెండు వందల యాభై. ఒంటిగంటన్నరకు చేరేసరికి మిల్లు తలుపు మూసి ఉంది. మిల్లాయనను వెతకడానికి మార్తమ్మ వెళ్ళింది. ఎదురుగా గింజలు కొనే వ్యాపారి దుకాణం, ముందు కాంటా ఖాళీగా ఉంది. ఊరికే కూర్చోవడమెందుకు, తూకమైనా తెలుస్తుంది కదా అని హమాలీతో ఒక సంచి దాని మీద పెట్టించాను.

"యాభై ఒకటి" అన్నాడు వ్యాపారి, లోపల గుమాస్తాకు వినపడేలా. "తరుగు ఒక కిలో తీసి యాభై రాయి. ధర ముప్పై రెండు."

"అయ్యా, తూకం చూసుకోవడానికి పెట్టాను. అమ్మడానికి కాదు."

"గిది సూసుకునే కాంటా కాదమ్మా. మా కాంటా ఎక్కినంక అది మా సంచే. ఈడ రివాజు గంతే."

అప్పుడే వచ్చిన మార్తమ్మ ఆ సంచిని చూసి నెత్తి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో అక్కా! ధర తెంపకుంట కాంటా ఎక్కిస్తరా ఎవలన్న?"

"నువ్వన్న జెప్పకపోతివి, పట్నపామెకు" అన్నాడు వ్యాపారి నవ్వుతూ.

"నువ్వన్న దించకపోతివి సేటూ!"

"నీకొక్కదానికి దించితే రేపు అందరు దించమంటరు."

నేను గట్టిగా మాట్లాడబోతే మార్తమ్మ నా చేయి పట్టుకుంది. "లొల్లి వద్దక్కా. పెసళ్ళు గూడ మళ్ళ ఈనకే అమ్ముకోవాలె." మిగిలిన రెండు సంచుల మీద కూర్చుంది. "మూడు సంచులు నలభైకి పోతేనే మార్చి దాటుతదనుకున్న. ఇగ పట్నం బస్సే."

కాసేపు ఆలోచించి వ్యాపారిని అడిగాను. "ఆ సంచి నాకు అమ్ముతారా?"

"ఎందుకు అమ్మనమ్మా? కిలో ముప్పై ఎనిమిది."

సరేనన్నాను. గుమాస్తా చీటీ మీద యాభై ఒక కిలోలని రాశాడు. "మరి తరుగు?" అన్నాను.

"తరుగు మేం కొనేటప్పుడే గదమ్మా" అన్నాడు వ్యాపారి. దాచేదేమీ లేనట్టు, అడిగిన నాకే తెలియనట్టు చెప్పాడు. సంచి ఇంకా కాంటా మీదే ఉంది.

వ్యాపారి మార్తమ్మకు పదహారు వందలిచ్చాడు. మా మాట ప్రకారం యాభై ఒక కిలోలకు నలభై చొప్పున రావలసిన దానిలో తగ్గిన నాలుగు వందల నలభై నా చేతి సంచిలోంచి తీసిచ్చాను. ఆమె వద్దనలేదు. "తీస్కుంట అక్కా, పోగొట్టింది నువ్వే గద" అని నవ్వి, కొంగులో ముడేసుకుంది. మిల్లాయన వచ్చి తలుపు తీశాక మిగతా రెండు సంచులూ అక్కడ తూచి, వాటి డబ్బు ఆమెకిచ్చి, మూడూ పట్టించడానికి అప్పజెప్పాను. వారంలో పప్పు లారీ పార్సిల్‌లో పంపుతానన్నాడు. నాలుగున్నర బస్సుకు మార్తమ్మ స్టాండు దాకా వచ్చింది. "పరీక్షలైనంకనే పట్నం అని మా ఆయనకు జెప్త" అంది, బస్సు కదులుతుంటే.

పార్సిల్ ఖర్చుతో కలిపి పప్పు మాకు కిలో అరవై నాలుగు పడింది. "ఇంత దూరం వెళ్ళి మిగిలింది ఎనిమిది రూపాయలా?" అంది పక్కింటావిడ. నేను ఆ సంచి గురించి చెప్పాను. కాంటా మీది నుంచి దిగకుండానే అది మార్తమ్మకు యాభై కిలోలు, నాకు యాభై ఒకటి అయింది. ఆమెకు ముప్పై రెండు, నాకు ముప్పై ఎనిమిది. మధ్యలో ఎవరూ విత్తలేదు, కోయలేదు, మోయనైనా లేదు. ఆ వ్యాపారి చెడ్డవాడనీ నాకు అనిపించలేదు. అక్కడ అందరూ ఒప్పుకున్న పద్ధతి అది, ఒప్పుకోకపోతే గడవనివాళ్ళు కూడా అందులో ఉన్నారు. పక్కింటావిడ వచ్చే ఏడు తనకు పది కిలోలు ఎక్కువ రాసుకోమంది. మీరూ రైతు దగ్గర నేరుగా కొనాలని వెళితే, తూకం మిల్లులోనే వేయించుకోండి, అక్కడి కాంటాకు అమ్మకంతో సంబంధం లేదు. మిల్లు మూసి ఉంటే తెరిచేదాకా సంచుల మీదే కూర్చోండి.