యాదగిరి అడిగిన స్విచ్

1974లో మూసాపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో నేను ప్రోగ్రామర్‌ని. పాత మిషన్ తీసేసి కొత్తది పెట్టారు. పాత ప్రోగ్రాములన్నీ తిరగరాసే తీరిక లేక ఎమ్యులేటర్ వాడాం. అంటే కొత్త మిషన్ చేత పాత మిషన్ వేషం వేయించే ప్రోగ్రాం. మద్రాసులో ఆరు వారాల ట్రైనింగ్ అయ్యేసరికే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

బోరబండ నుంచి సైకిల్ మీద వచ్చే యాదగిరి పాత మిషన్ ఆపరేటర్. ఒక్కో కార్మికుడి వివరాలు చిల్లులుగా ఉండే పంచ్ కార్డుల కట్టలు పెట్టి మిషన్ నడపడం ఆయన పని. మొదటి రోజే కొత్త మిషన్ చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"సార్, దీనికి రెండో నంబర్ స్విచ్ ఏడున్నది? పర్మనెంట్ లిస్టు తీసేటప్పుడు పైకి లేపుత."

"ఏ పుస్తకంలో ఉందది?"

"పుస్తకంల లేదు సార్. మొదట్ల మిషన్ పెట్టిన సారు చెప్పిండు."

"దీనికి అలాంటివేం అక్కర్లేదయ్యా," అని నవ్వేశాను.

ఆ నెల పర్మనెంట్ కావలసిన కార్మికుల్లో పదకొండు మంది పేర్లు లిస్టులో రాలేదు. గేటు దగ్గర గొడవైంది. మేనేజర్‌గారు కారణం రాసిమ్మన్నారు. ప్రోగ్రాం తెరిచి చూడకుండానే "ఆపరేటర్ కార్డులు పోగొట్టాడు" అని రాసిచ్చాను. మర్నాడే యాదగిరిని గోడౌన్‌కు మార్చారు. వెళ్తూ నాతో ఒక్కమాటే అన్నాడు.

"కార్డులు లెక్కవెట్టే పెట్టిన సార్."

మూడు వారాలకు పాత ప్రోగ్రాం మొదటి నుంచి చదివితే దొరికింది. ఆ పదకొండు మందీ పనిచేసే రెండో షెడ్డు కార్డులు చదవాలంటే ఆ స్విచ్ పైకి ఉండాలి. కొత్త మిషన్‌లో స్విచ్ ఉండదు, అది పైకి ఉన్నట్టు ఎమ్యులేటర్‌కు ఒక లైను టైపు చేసి చెప్పాలి. చెప్పాను. పదకొండు పేర్లూ వచ్చాయి. మేనేజర్‌గారు భుజం తట్టారు. నా రిపోర్టు తప్పని అప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం పోతుందన్న భయంతో దాచేశాను.

తర్వాత ఏదో పనిమీద గోడౌన్‌కు వెళ్తే యాదగిరి లేచి నిలబడ్డాడు.

"లిస్టు మంచిగ వచ్చిందంట గద సార్. స్విచ్ దొరికిందా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే నాకు మరీ సిగ్గనిపించింది. "దొరికింది" అని తలదించుకుని వచ్చేశాను. ఆయన గోడౌన్‌లోనే రిటైరయ్యాడు.

పాత ప్రోగ్రాంను కొత్త మిషన్ మీదికి ఎక్కించే ముందు, దాన్ని నడిపిన మనిషిని కూర్చోబెట్టి అడగమని నా దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ చెప్పాను. అది నాకెలా తెలిసిందో మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.