దర్వాజ కాడి చుక్క

"సంచి గీడనే దించు బిడ్డా. లోపలికి పోకు. మా ఇంటాయన ఇప్పుడే నడుము వాల్చిండు."

గడప రాయి మీద కూర్చున్న లీలావతవ్వ ఈ మాట అంటే మమత సంచి దించింది. దించి, ఉండబట్టలేక లోపలికి చూసింది. లోపల అనేందుకు ఏమీ మిగల్లేదు. కప్పు లేదు, దర్వాజ చెక్క లేదు, గోడలు మోకాలెత్తున ఉన్నాయి. నడుమంతా గడ్డి మొలిచింది. ఒక్కచోట మాత్రం, మనిషి పడుకునేంత మేర, నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

భూపాలపల్లి అవతల ఈ ఊరు బొగ్గు బాయి కింద పోయింది. కప్పులూ తలుపులూ ఎవరివి వాళ్లు విప్పుకుని, రోడ్డు పక్క కట్టిన కాలనీకి వెళ్లిపోయారు. బాయి తవ్వకం ఇంకా ఇక్కడిదాకా రాలేదు. పేలుడు పెట్టినప్పుడు మాత్రం కాళ్ల కింద భూమి కదులుతుంది.

మమతది నర్సింహులపేట. జనగామలో ఒక పెద్ద కిరాణా దుకాణంలో పని. గిరాకీలు ఎక్కడెక్కడ ఉన్నారో కంప్యూటర్ పటం మీద చుక్కలుగా చూపించాలి. చుక్కలున్న దిక్కుకు సామాను బండి పోతుంది. చుక్కలు చిక్కబడితే అక్కడ కొత్త దుకాణం పడుతుంది. మహబూబాబాద్ దుకాణం అట్లా పడ్డదే. ఈ ఊరి మీద చుక్కలు చూసి సేటు ఉబ్బిపోయాడు. "గింత గిరాకీ పెట్టుకొని మనకు తెల్వకపాయె! గిక్కడ షాపు వెయ్యాల్సిందే." మమత ఆ చుక్కల కింద ఉపగ్రహం తీసిన ఫొటో పరిచింది. ప్రతి చుక్క కిందా ఒక మొండిగోడ.

ఆ వారమే బండి డ్రైవరు గణేశ్ తెల్లమొహంతో తిరిగొచ్చాడు. "అక్కా, పటం సూపిన కాడికే పోయిన. మనిషి లేడు, కుక్క లేదు. గోడల నడుమకెళ్లి ఒక ముసలమ్మ లేచి, మా ఆయనకు బీడీలు తెచ్చినవా అన్నది. ఇగ నన్నటు పంపకు, నీకు దండం."

అందుకే మమత స్వయంగా వచ్చింది. ముందు కాలనీకి పోయి అడిగితే సంగతి తెలిసింది. సామాను తెప్పించుకునేందుకు ఫోన్లో పేరు ఎక్కించేటప్పుడు "మీ ఇంటి గుమ్మంలో నిలబడి నొక్కండి" అని వస్తుంది. ఆ వాక్యం పెట్టింది మమతే. కాలనీవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు పాటించారు. ఆటోలు మాట్లాడుకుని పాత ఊరికొచ్చి, గడ్డిలో ఎవరి గడప వాళ్లు వెతుక్కుని, అక్కడ నిలబడి నొక్కి వెళ్లారు.

"మరి గివి ఇండ్లా బిడ్డా? గివి బాయోళ్లిచ్చిన రూములు," అన్నారు. సామాను రావాలంటే కాలనీలోనే నొక్కాలని మమత చెప్తే, తమను చూసి తామే నవ్వుకుని మళ్లీ నొక్కారు. మమత చూస్తుండగా ఫోన్లో చుక్కలు ఒక్కొక్కటే పాత ఊరు విడిచాయి. లీలావతవ్వది కదల్లేదు. పొద్దున ఆటోలో ఇక్కడికి రావడం, పొద్దు వాలితే పోవడం ఆమెకు రోజూ ఉన్నదే. ఇవాళ మార్చకపోతే ఆ చుక్కను తుడిచెయ్యమన్నాడు సేటు. తుడిచేస్తే ఆమెకు సామాను రాదు. అంగడిలో తిరిగి సామాను మోద్దామంటే మోకాళ్లు సాగవు.

"అవ్వా, నీ చుక్క కాలనీకి మారుస్త. సామాను ఇంటి ముంగటికే వస్తది."

"మారిస్తె ఆయనకెట్ల తెలుస్తది?"

ఆయన అంటే కట్టయ్య. కాలనీ కట్టకముందే ఈ ఇంట్లోనే కన్నుమూశాడు. ఆమె నాట్లకు ముఠా కట్టుకుని ఊరూరా తిరిగితే, ఆయన ఇంటిపట్టున ఉండి వంట చేసిన మనిషి.

"కల్లు తాగి కండ్లు మూసుకున్నా తొవ్వ తప్పకుండ ఇల్లు చేరెటోడు. కాలనీ ఆయన ఎన్నడన్న సూసిండా? పెత్రమాసకు పెద్దలకు పెట్టే అన్నం ఆడ పెట్టి పిలిచిన. కాకి సుత ముట్టలె. గీడికొచ్చి పిలిచిన."

"కాకి వచ్చిందా?"

"కాకి రాలె. ఆయనే వచ్చిండు."

మమత తల దించుకుని ఫోన్లో పటం పెద్దది చేసింది. గడప మీద లీలావతి పేరున చుక్క. లోపల, ఊడ్చిన నేల మీద, ఇంకో చుక్క. కట్టయ్య. సిగ్నల్ సరిగ్గా అందని చోట చుక్కలు అటూ ఇటూ జరుగుతాయి, అది మమతకు తెలుసు. పేరు మాత్రం ఎట్లా వస్తుంది?

"లోపలి చుక్క ఎవలు పెట్టిండ్రవ్వా?"

"గుమ్మం కాడిది పక్కింటి కళ్యాణి నొక్కింది. లోపలికి ఎవల్నీ పోనియ్యను గద."

అప్పుడే బాయిలో పేలింది. గడప వణికింది. మొండిగోడ మీది మట్టి జలజలా రాలింది. అవ్వ వెనక్కి తిరిగి, పసివాడిని జోకొట్టినంత మెత్తగా, "ఏం గాలె, పండుకో," అన్నది. తర్వాత దూరాన లేస్తున్న దుమ్మును చూసి, గడప రాయిని నిమిరింది.

"గీ రాయి సుత పోతది. నాకు ఎర్కే. మార్చు బిడ్డా. కని ముందుగాల ఆయనకు తొవ్వ చెప్పు. నా మాట ఎన్నడు విన్నడు? జనగామ నుంచి పటాలు గీసే మేడం వచ్చిందంటె వింటడు. కాలనీల బోరింగు దాటినంక నీలం తలుపని చెప్పు."

మమత గడప దాకా వచ్చి ఆగింది.

"పో. ఉలిక్కిపడ్తడు, మెల్లగ లేపు. దర్వాజ కాడ జర వంగు బిడ్డా, నెత్తికి తాకుతది."