ఆదివారం పడ్డ ఫైనల్

మొన్న ఆదివారం మా పిస్కాటవే తెలుగు చర్చిలో పాస్టరుగారు వాక్యం చెప్పడం పావుగంటలో ముగించేశారు. ఆ మధ్యాహ్నం టీవీలో పెద్ద మ్యాచ్ ఉందట. ఆశీర్వాదం కాగానే కుర్రకారు, వాళ్ల వెనకే పెద్దవాళ్లు, ఆఖరికి పాస్టరుగారు కూడా కార్ల వైపు పరుగు తీశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. నేను మాత్రం కారు తాళం చేత్తో పట్టుకుని కాసేపు నిలబడిపోయాను, మా నాన్న ఉంటే ఏమనేవారా అని.

డెబ్బైల చివర్లో మేం గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చేటప్పటికి ఇక్కడ తెలుగు క్రైస్తవ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అమెరికన్ల చర్చి ఒకటి, వాళ్ల ఆరాధన అయ్యాక, బేస్‌మెంట్ మాకు ఇచ్చేది. వాళ్లు తాగి వదిలేసిన కాఫీ వాసన, మా ఆడవాళ్ల పట్టుచీరల్లోని కలరా ఉండల వాసన కలిసిన ఆ గాలిలో నాన్న కీర్తన ఎత్తుకునేవారు. ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. వారమంతా పెద్దగా మాట్లాడని మనిషి ఆదివారం మాత్రం గొంతు విప్పేవారు. శ్రుతి ఎప్పుడూ కాస్త ఎక్కువే. రెండో చరణానికి మిగతా మగవాళ్లు చేతులెత్తేసేవారు. ఆయన ఒక్క వారం మానింది లేదు, మమ్మల్ని మాననిచ్చిందీ లేదు.

నేను ఇంటి నుంచే కాలేజీకి వెళ్లేదాన్ని. అక్కడ ఆడపిల్లల సాకర్ జట్టు కొత్తగా పెట్టారు. పొడుగ్గా ఉన్నానని నన్ను గోల్ ముందు డిఫెన్స్‌లో నిలబెట్టారు. మగపిల్లలు వాడి వదిలేసిన జెర్సీలే మాకు ఇచ్చారు. మోకాళ్ల దాకా వేలాడే ఆ జెర్సీలే ఆ ఆటలో నాన్నకు నచ్చిన ఒకే ఒక్క విషయం. నా మూడో ఏడు మేం ఎలాగో నెట్టుకొచ్చి కాన్ఫరెన్స్ టోర్నమెంటుకి చేరాం. మేం ఆడే కాలేజీల్లో పై నాలుగు జట్లు సీజన్ చివర ఒకచోట చేరి తేల్చుకోవడం అన్నమాట. ఆ ఏడు అది పెన్సిల్వేనియాలో, మా ఇంటికి గంటన్నర దూరంలో పడింది. శనివారం సెమీఫైనల్. గెలిచినవాళ్లకి ఆదివారం ఫైనల్.

"డాడీ, విన్ అయితే ఫైనల్ సండే," అన్నాను భోజనాల దగ్గర.

"అయితే గెలవకండి," అన్నారు నాన్న పెరుగు కలుపుకుంటూ. నవ్వలేదు.

శనివారం మాత్రం వచ్చారు. ఆఫీసు ఓవర్‌కోటుతో, మిగతా తల్లిదండ్రులకు దూరంగా, మైదానం మూల జెండా దగ్గర నిలబడ్డారు. ఆట రసపట్టులో ఉండగా కళ్లు మూసుకుని పెదవులు కదిపారు. మా గోల్‌కీపర్ అది చూసి, "మీ డాడీ మన కోసం ప్రే చేస్తున్నారా?" అని సంబరపడిపోయింది. అవునన్నాను. ఆయన ఏం కోరుకుంటున్నారో నాకు తెలుసునని గట్టిగా చెప్పలేను. చివర్లో మావాళ్లు ఒక గోల్ కొట్టారు, గెలిచాం. పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే నేను ఆయన వైపు చూశాను. చర్చిలో ఎవరైనా సోలో పాడాక కొట్టినట్టు, నెమ్మదిగా, రెండు చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో, కారు న్యూజెర్సీలోకి వచ్చాక, నాన్న ఆదివారం మాట ఎత్తారు.

"రేపు నువ్వు లేకపోతే కీర్తనల్లో ఆల్టో గొంతు పాడేవాళ్లు లేరు," అన్నారు.

"డాడీ, నేను ఆడతాను."

అప్పటిదాకా ఆయన్ని ఎక్కడికైనా 'వెళ్లనా?' అని అడగడమే గాని, వెళ్తానని చెప్పింది లేదు. ఆయన హీటర్ కాస్త పెంచారు. "నేను ఆపను. రాను కూడా," అన్నారు. మర్నాడు పొద్దున సూటు వేసుకుని నన్ను టీమ్ బస్సు దగ్గర దింపారు. బూట్లు తెచ్చుకున్నావా అని మాత్రం అడిగారు.

ఫైనల్ మొదలైన కాసేపటికి స్టాండ్‌లోకి తెల్లబట్టల్లో ఒకామె వచ్చింది. చూస్తే అమ్మ. ఆస్పత్రిలో నైట్ షిఫ్ట్ చేసి, తెల్ల యూనిఫాంతో, తెల్ల బూట్లతో, పైన చేత్తో అల్లిన స్వెట్టరుతో, నిద్ర లేకుండా అటే వచ్చేసింది. అంతవరకూ ఆస్పత్రికీ కూరగాయల దుకాణానికీ తప్ప కారు నడపని మనిషి, హైవే పేరెత్తితే దండం పెట్టే మనిషి. అరగంట ఆట అయ్యాక అవతలి జట్టు పిల్ల చీలమండ పట్టుకుని కూలబడింది. దెబ్బలు చూసే ట్రైనర్ కనబడలేదు. రిఫరీ చుట్టూ చూసి, యూనిఫాంలో ఉన్న అమ్మను రమ్మని చెయ్యి ఊపాడు. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌తో సహా మైదానంలోకి పరుగెత్తుకొచ్చింది. కాలు తిప్పి, నొక్కి చూసి, విరగలేదని చెప్పి, ఆ పిల్ల చెంప తట్టింది. వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగింది.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"మమ్మీ, గేమ్ నడుస్తోంది!"

"తిన్నావా, లేదా?"

రిఫరీ మర్యాదగా వేచి ఉన్నాడు. అరటిపండు తిన్నానని చెప్పాకే ఆమె గీత దాటింది. రెండో సగంలో అవతలి జట్టుకి కార్నర్ కిక్ వచ్చింది. నేను ఎగిరాను, నాకన్నా పొడుగు పిల్ల నాకన్నా పైకి ఎగిరి బంతిని తలతో గోల్‌లోకి కొట్టింది. ఒకటి–సున్నా, ఓడిపోయాం. ఇంటికి నేనే కారు నడిపాను. పక్క సీట్లో అమ్మ నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఇంట్లో నాన్న టై విప్పుతూ "ఏమైంది?" అన్నారు. చెప్పాను. "అలాగా" అని వెళ్లి చారు వేడి చేశారు. ఆ ఆట గురించి మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నాన్న పోయాక జ్ఞాపకార్థ కూడికలో, బేస్‌మెంట్ రోజుల నాటి ఆంటీ ఒకామె బిర్యానీ ప్లేటుతో నా పక్కన కూర్చుంది. "ఒకసారి నువ్వు చర్చికి రాలేదు, గుర్తుందా? అమ్మాయి ఏదండీ అని అడిగితే, డ్యూటీలో ఉందండీ అన్నారు మీ నాన్నగారు. నువ్వూ నర్సింగ్‌లో జాయిన్ అయ్యావనుకున్నానమ్మా," అంది. మా ఆడవాళ్లలో సగం మంది నర్సులు. ఆరాధనకు రాకపోయినా మా సంఘం తప్పు పట్టని కారణం ఒక్కటే, డ్యూటీ. నాన్న అబద్ధం ఆడే మనిషి కాదు.

ఆ మాట అప్పుడే నా చెవిన పడి ఉంటే, ఆ వయసు పొగరుతో, మరి వచ్చి చూడొచ్చుగా అని ఉండేదాన్ని. కాలం మనుషుల్ని తీసుకుపోతుంది గాని, వాళ్లన్న మాటల్ని మాత్రం మనకు అర్థమయ్యే వయసు వచ్చేదాకా ఎవరో ఒకరి దగ్గర ఉంచుతుంది.